కొంగ యీకయు, మడచెట్టును

కొంగ యనగానే మనవారికి మొదట తోచునది కొంగజపము. ఒంటికాలిపై నిలిచి, కన్నులు మూసినట్లు నటించి, చేపపిల్ల దగ్గఱకు రాగానే మ్రింగివేయు కపటి యని దానికి పేరు పడినది. పంచతంత్రమున ముసలికొంగ చేపలను నమ్మించి మోసుకొనిపోయి తినుటయు, తుదకు ఎండ్రకాయచేత మెడ తెగుటయు మీ రెల్లరు చిన్ననాట చదివినదే. నేను ముప్పది యేండ్లకు పైగా బడిపిల్లలకు ఆ కథ చెప్పితిని. చెప్పిన ప్రతిసారియు ఎండ్రకాయ పక్షమునే వహించితిని గాని, కొంగ పక్షమున ఒక్క మాటయైనను ఆడలేదు. ఈనాటి ప్రసంగము ఆ లోటును కొంత పూరించుటకే.

మా నరసాపురము రేవునుండి వశిష్ఠ పాయ వెంట దిగువకు పోయి, బియ్యపుతిప్ప దాటి సాగరసంగమమునకు చేరువైనచో, పాటు తీసిన వేళ బురదమేటలపై పలుతెఱగుల కొంగలు కానవచ్చును. వరిచేలలో మన మెఱిగిన తెల్లకొంగలును, గట్టుమీద ముసుగు కప్పుకొన్న ముసలివానివలె ముడుచుకొని కూర్చుండు గుడ్డికొంగయు, నిడుమెడ నారాయణపక్షియు అందుండును. వీనితో కలియక, ఉప్పునీటి యంచుననే ఒంటరిగా తిరుగు పక్షి వేఱొకటి కలదు. చిన్న తెల్లకొంగ కంటె ఒకింత పెద్దది. ఒడలెల్ల పలకరాతి వన్నె. గొంతు మాత్రము సున్నము పూసినట్లు తెలుపు. ముక్కు మోటు, కాళ్లు ముదురువన్నెవి, కాలివ్రేళ్లు పసుపువి. ఈ జాతిలోనే మేనెల్ల తెల్లనైనవియు కలవు. వానిని చూచినవారు సామాన్యపు తెల్లకొంగలని భ్రమపడుదురు.

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడగు బోస్కు 1792లో ఆఫ్రికాలోని సెనెగలు దేశపు పక్షినిబట్టి దీనికి శాస్త్రనామ ముంచెను. భారతదేశపు పక్షులను గూర్చి 1862 మొదలు 1864 వఱకు పెద్ద గ్రంథము ప్రకటించిన జెర్డను దొర దీనిని బూడిదవన్నె కొంగ యని పేర్కొనెను. ఆఫ్రికా పడమటి తీరమునుండి, ఎఱ్ఱసముద్రము, పారసీకపు సింధుశాఖల మీదుగా గుజరాతు తీరమునకును, అటనుండి మన వైపునకును దీని నివాసము వ్యాపించి యున్నది. గుజరాతున ఇది విరివి. మన తూర్పు తీరమున అరుదు. ఈ ప్రసంగములో దీనిని కడలికొంగ యందును.

ఈ కడలికొంగ జపము చేయదు. తక్కిన కొంగలు నిలుచున్నచోటనే నిలిచియుండగా, ఇది పలుచని నీటిలో ఇటునటు పరుగులు తీయును. ఒక కాలితో బురదను కదలించును. బెదరి బయటపడిన చేపను, రొయ్యను, చిన్న పీతను ముక్కున కఱచును. ఒక్కొక్కప్పుడు ఱెక్కలు విప్పి గొడుగువలె నీటిపై నీడ పఱచును. కష్టించి కడుపు నింపుకొను ఈ పక్షిని చూచినపుడు, కపటసన్యాసి కథను వ్రాసిన మహానుభావుడు సముద్రపు టొడ్డున నివసించినవాడు కాడేమో యని నాకు నవ్వు వచ్చును.

దీని మేత బురదలో నున్నది. ఆ బురదను నిలుపునది మడచెట్టు. మన తీరమున నల్లమడ, తెల్లమడ, తిల్ల, పొన్న, కళింగ మొదలగు జాతుల చెట్లు కలవు. తిల్లపాలు కంటబడినచో కన్నులు మండి చూపునకే హాని యని మన జాలరు లందఱు నెఱుగుదురు. మడచెట్టు వేళ్లు క్రిందికి మాత్రమే పోక, బురదలోనుండి మేకులవలె పైకి లేచును. ఉప్పుబురదలో గాలి యాడదు గనుక, చెట్టు ఆ మేకులద్వారా ఊపిరి పీల్చుకొనును. ఉప్పుపొన్న జాతులలో గింజ చెట్టుననే మొలకెత్తి, నిడుపైన మొక్కయై క్రింద పడి బురదలో గ్రుచ్చుకొనును; లేదా పోటు నీటిలో తేలిపోయి వేఱొకచోట నాటుకొనును. పోటు వచ్చినపుడు చేపపిల్లలును రొయ్యపిల్లలును ఈ వేళ్లనడుమ దాగికొనును. పాటు తీసినపుడు కొంగ వానికై వచ్చును. కొమ్మలు గూళ్లకును, రాత్రి మకామునకును ఆధారములు. కావున ఈ పక్షి చరిత్రలో రెండు పాళ్లు కలవు: ఒకటి దాని యీకది, రెండవది దాని చెట్టుది. లోకము మొదటిదానిని గూర్చి చాల తలపోసినది. రెండవదానిని గూర్చి మిక్కిలి ఆలస్యముగా తలచినది. ఈ రెంటి నడుమ నేనొక తప్పు చేసితిని. దానిని తగినచోట చెప్పెదను.

ముందు ఈకను గూర్చి. సంస్కృతమున కొంగకు బకమని పేరు; కంకమనియు ఒక పేరు గలదు. కంకమనగా రాబందని కొందఱు పెద్దలు చెప్పుదురు. కాని సుశ్రుతుడు శస్త్రవైద్యమున చెప్పిన యంత్రములలో కంకముఖ మొకటి. ఎముకలో గ్రుచ్చుకొన్న శల్యమును పట్టి లాగుటకు అది యుపయోగించును. సులువుగా లోనికి పోవును, సులువుగా మరలును, గట్టిగా పట్టును గనుక యంత్రములలో అదియే మేలైనదని ఆయన నిర్ణయము. రాబందు ముక్కు వంగి, మోటుగా నుండును. అట్టి పటకారు పుండులో దూఱదు. నిడుపై సన్నమై సూటిగా నుండు ముక్కు కొంగదే. కావున కంకము కొంగజాతిదే యని నా యభిప్రాయము. ఆ కంకపు టీకలు కట్టిన బాణములకు కంకపత్రములని పేరు. భారతయుద్ధమున ఆ మాట పదేపదే వినవచ్చును. ఈ విధముగా కొంగ యీక మొదట వింటినారికి చేరినది.

ఇంకొక విశేషము. అరణ్యపర్వము చివర సరస్సు నొడ్డున ధర్మరాజు తమ్ములు పడిపోగా, ధర్మదేవత మొదట బకమునని చెప్పుకొని, పిమ్మట యక్షుడై ప్రశ్నించెను. ఆ వెంటనే వచ్చు విరాటపర్వమున ధర్మరాజు తాను కంకుడనను పేరు దాల్చి మాఱువేషమున కొలువు చేసెను. తండ్రి బకము, కొడుకు కంకుడు! మనము కపటి యని యెగతాళి చేయు పక్షి పేరును, ధర్మమునకు మూర్తియైన ఇరువురు వరుసగా ధరించుట యాదృచ్ఛికమని నేను తలపను.

బాణములు పోయి తుపాకులు వచ్చినను ఈకకు సెలవు దొరకలేదు. మొగలాయి పాదుషాలును, వారి ననుసరించిన నవాబులును, రాజులును తలపాగలందు కల్గీ యను నొక కుచ్చును ధరించెడివారు. అది కొంగ యీకలతో చేసినది. పిమ్మట రత్నములు పొదిగిన నగగా మాఱినది. మన తెలుగున శ్రేష్ఠమైన వస్తువును కలికితురాయి యని పొగడుదుము. ఆ మాటలోనే ఆ పక్షి యీక దాగియున్నది. అయినను రాజులు కొందఱే గనుక, వారి తలపాగలచే కొంగజాతికి పెద్ద చేటు కలుగలేదు.

చేటు మూడవసారి కలిగినది. పందొమ్మిదవ శతాబ్దపు చివర ఐరోపా, అమెరికా ఖండముల స్త్రీలు టోపీలపై కొంగ తురాయి ధరించుట నాగరకమని తలచిరి. ఆ తురాయి సామాన్యపు టీక కాదు. గ్రుడ్లు పెట్టు కాలమున మాత్రమే తెల్లకొంగల వీపుపై మొలచు, దారమువంటి సన్నని యీకల కుచ్చు. కావున వేటకాడు గూటికడనే పక్షిని చంపవలెను. తల్లిదండ్రులు చచ్చిన పిమ్మట పిల్లలు గూటిలోనే యాకలిచే చచ్చును. ఒక తురాయికి ఒక పక్షి కాదు, ఒక కాపురము పోవును. 1902లో లండను నగరపు వేలములలో అమ్ముడుపోయిన కొంగ తురాయిలు 1,608 పెట్టెలు. పెట్టె యొక్కింటికి సుమారు 30 ఔన్సులు. ఔన్సునకు నాలుగు పక్షుల చొప్పున లెక్కించి, 1,92,960 పక్షులు చచ్చినట్లు ఆ కాలపు పక్షిరక్షకులు చాటిరి. 1903 ప్రాంతమున అమెరికాలో ఔన్సు తురాయి వెల 32 డాలర్లు. ఔన్సు బంగారము వెల 21 డాలర్లకు లోపు. తెల్లని కడలికొంగ వీపునను ఇట్టి తురాయియే మొలచును. తుపాకి పట్టినవానికి కొంగలలో భేదములతో పని యేమి?

ఇచ్చట మా యూరి మాట యొకటి చెప్పవలెను. 1844 ప్రాంతమున క్రైస్తవ మిషనరీలు మా సీమలో స్త్రీలకు లేసు అల్లుట నేర్పిరి. అది నరసాపురమునకు ప్రసిద్ధి తెచ్చినది. ఆ లేసు సముద్రములు దాటి విదేశములకు పోయినది. దొరసాని గౌను అంచున మా పల్లెపడుచు వ్రేళ్ల పనితనము, ఆమె టోపీపై ఏ తీరపు కొంగదో తురాయి. ఒకటి కూడు పెట్టినది, మఱొకటి కాపురము కూల్చినది. రెండింటిని ధరించిన యామెకు ఈ భేదము తెలిసియుండదు.

ఆమె దేశపు స్త్రీలే ముందుగా మేలుకొనిరి. 1889లో ఇంగ్లండున ఎమిలీ విలియంసను అను నామె ఈకలు ధరింపము అను నియమముతో ఒక స్త్రీసంఘమును స్థాపించెను. అదియే నేటి పెద్ద పక్షిరక్షక సంఘమునకు మూలము. మన దేశమున 1902లో ప్రభుత్వము పక్షుల చర్మములను, ఈకలను విదేశములకు ఎగుమతి చేయరాదని శాసించెను. నిప్పుకోడి యీకలకును, శాస్త్రపరిశోధనకై పంపు చర్మములకును మాత్రము మినహాయింపు. శాసనము వచ్చినను దొంగయెగుమతులు కొంతకాలము సాగినవి. సింధుదేశమున జాలరులు కొంగలను కోళ్లవలె పెంచి, చంపకయే ఈకలు పెఱికి అమ్ముటయు జరిగెను. 1921లో ఇంగ్లండున దిగుమతినే నిషేధించు చట్టము పుట్టెను. అంతలో యుద్ధము వచ్చి, స్త్రీలు జుట్టు కత్తిరించుకొని చిన్న టోపీలు పెట్టుట మొదలిడగా, తురాయికి గిరాకి తనంతటనే తగ్గెను. చట్టము కంటె ఫాషనే కొంగలను ఎక్కువగా రక్షించినదని కొందఱందురు. అందు కొంత సత్యము లేకపోలేదు. ఏమైనను ఈక గండము గడచినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో కొంగను చంపుటయే మన దేశమున నేరమైనది.

ఇక చెట్టు సంగతి. మా నరసాపురము పాత రేవుపట్టణము. పదునేడవ శతాబ్దమున డచ్చివారు ఇచ్చట వర్తకము చేసిరి. చేరువనున్న మాధవాయపాలెమున ఆంగ్లేయులు కోఠీ నిలిపిరి. ఆ యూరి పేరే మాదపోలమను బట్టకు పేరై విదేశములకెక్కినది. 1669 మొదలు 1679 వఱకు బంగాళాఖాతపు తీరములు తిరిగిన బౌరీ యను ఆంగ్ల నావికుడు, నరసాపురమున ఓడలు కట్టుదురనియు, కలపయు ఇనుమును ఇచ్చట సమృద్ధిగా దొరకుననియు వ్రాసెను. ఓడలకు వలయు కలప గోదావరిమీద ఎగువ నుండి దిగుచుండెను. మడకఱ్ఱ వంటచెఱకునకును, దడులకును పోయెను. మడాకు గేదెలకు మేత యాయెను. ఆ కాలపు మానవుడు గొడ్డలితో నఱకినంత, నది ఒండ్రు తెచ్చి మరల మొలిపించుచుండెను. కావుననే ఆ నష్టము లెక్కకు రాలేదు.

1847లో కాటను దొర ధవళేశ్వరమున ఆనకట్ట మొదలిడి 1852లో ముగించెను. దానిచే మన డెల్టా అన్నపూర్ణ యైనది. వరిచేల కొంగలకును అది పండుగయే. ఉప్పునీటి యడవికి మాత్రము వేసవిలో మంచినీటి పాలు తగ్గెను. 1882 మదరాసు అటవీచట్టము పిమ్మట ప్రభుత్వపు అడవులకు హద్దులు ఏర్పడినవి. ఆవలి కొసనున్న కోరంగి మడయడవిని 1978లో అభయారణ్యముగా ప్రకటించిరి. దాని విస్తీర్ణము సుమారు 235 చదరపు కిలోమీటర్లు. మా వశిష్ఠ మొగపై నున్నవి అంతటి యడవులు కావు. పాయల వెంట, పఱ్ఱభూముల యంచున చీరచెఱగువలె సన్నగా నున్న మడతోపులు. వానిలో కొన్ని సర్కారువి, కొన్ని జిరాయతీవి. మాకును మా తండ్రిగారి వలన రెండెకరములకు పైచిలుకు అట్టి పఱ్ఱ సంక్రమించెను.

నా బాల్యమున భీష్మైకాదశికి మా తండ్రిగారు నన్ను అంతర్వేది తీర్థమునకు తోడ్కొనిపోవుచుండిరి. నరసాపురమున పంటు ఎక్కి సఖినేటిపల్లికి దాటి, అటనుండి జనముతో నడక. లక్ష్మీనృసింహస్వామి రథము చూచి మరలివచ్చునపుడు ఆయన శాంతిపర్వపు కథలు చెప్పెడివారు. భీష్ముని పేరిట తిథి గనుక భీష్ముడు చెప్పిన కథలే చెప్పవలెనని ఆయన నియమము. అందు రాజధర్ముడను బకరాజు కథ యొకటి. గౌతముడను పేద బ్రాహ్మణుడు అడవిలో అలసిరాగా, ఆ కొంగ తన మఱ్ఱిచెట్టు నీడన ఆదరించి, చేపలు పెట్టి, ఱెక్కలతో విసరి, ధనము దొరకు చోటికి త్రోవ చూపెను. ధనపు మూటతో మరలివచ్చిన గౌతముడు, దారిబత్తెమునకు మాంసము కావలెనని, నమ్మి నిదురించుచున్న ఆ పక్షినే చంపెను. పట్టువడిన ఆ కృతఘ్నుని మాంసము నరమాంసభక్షకులు సైతము ముట్టలేదు. తుదకు సురభి నురుగు సోకి బ్రతికిన కొంగ, గౌతముని బ్రతికింపుమని ఇంద్రుని వేడెను. ఈ కథను నేను బడిలో ఎన్నడును చెప్పలేదు. పాఠ్యపుస్తకములో లేదు గదా యనుకొంటిని.

1991లో ఒక ఆసామి వచ్చి మా పఱ్ఱను రొయ్యల చెఱువునకు కౌలుకిమ్మనెను. ఆ యేడే ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము తీరప్రాంతపు కట్టుబాట్ల ప్రకటన చేసియుండెను. ఆ సంగతి నాకును తెలియదు, అతనికిని తెలియదు, తెలిసినను ఆగెడివారము కాము. మా అమ్మాయి పెండ్లికి సొమ్ము కావలసి యుండెను. వరిమీద రాని రాబడి రొయ్యమీద వచ్చుచుండెను. సంతకము పెట్టితిని. యంత్రము వచ్చి నాలుగు దినములలో మడతోపును వేళ్లతో పెకలించెను. గట్టుమీద నిలిచి చూచితిని. అది గ్రుడ్లకాలము కాదు గనుక గూళ్లలో పిల్లలు లేవు. ఆ మాటనే ఆనాడు నాకు నేను చెప్పుకొంటిని. కొంగలు రెండు మూడు దినములు వచ్చి, చుట్టు తిరిగి, పిమ్మట రాలేదు. పెండ్లి బాగుగనే జరిగినది.

ఇందు వింత యేమనగా, ఆ తొలి యేండ్లలో చెఱువులలో వదలిన రొయ్యపిల్ల హేచరీలలోనిది మాత్రమే కాదు. పాయలలో, మడవేళ్ల దగ్గఱ జాలరులు సన్నవలలతో పట్టి యమ్మినదియు నుండెను. ఏ తొట్టిలో పిల్ల పెరిగినదో ఆ తొట్టినే విఱుగగొట్టి చెఱువులు త్రవ్వితిమి. 1994–95లో తెల్లమచ్చ తెగులు తీరమంతట వ్యాపించి రొయ్య కుప్పలుగా చచ్చెను. మా కౌలుదారు నాలుగవ యేట చెఱువు విడిచిపోయెను. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరపు హద్దులలోని రొయ్యల చెఱువులను తొలగింపవలెనని తీర్పు చెప్పెను. అది పూర్తిగా అమలు కాకమునుపే చిక్కులు పెరిగి, తుదకు 2005లో పార్లమెంటు తీరపు జలచర పెంపకమునకు ప్రత్యేకముగా ఒక చట్టము చేసి, అనుమతుల పద్ధతి నేర్పఱచెను. 2009 పిమ్మట వన్నామి రొయ్య వచ్చి మరల గిరాకి పుంజుకొనెను.

మా చెఱువు మాత్రము పాడుపడి యుండెను. గట్టు తెగినచోట పోటు నీరు లోనికి వచ్చి పోవుచుండెను. ఏడెనిమిదేండ్లకు నేను ఊరకే చూడబోగా, తెగిన గండి కిరుప్రక్కల మోకాలెత్తు తెల్లమడ మొక్కలు! ఎవరును నాటలేదు. నీరు గింజలను తెచ్చినది, బురద పట్టుకొన్నది. దీనికి తగిన శాస్త్రమున్నదని పిదప తెలిసినది. 1990ల చివర ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థయు, అటవీశాఖయు, గోదావరి, కృష్ణా డెల్టాల పల్లెవారితో కలసి చెడిన మడభూములను బాగుచేసిన పద్ధతి యిట్టిదే. నేలపల్లమై నీరు నిలిచి, ఎండకు ఉప్పు పేరి చెట్లు చచ్చినచోట, చేపముల్లు ఆకృతిని ఒక పెద్దకాలువయు, దానికి ఏటవాలుగా పిల్లకాలువలును త్రవ్వుదురు. పోటు లోనికి వచ్చును, పాటుకు మరలిపోవును, ఉప్పు కడుగుకొనిపోవును. అప్పుడు మొక్క నిలుచును. మా చెఱువునకు తెగిన గండియే పెద్దకాలువ యైనది.

అయినను ఒక దిగులు కలదు. మడ మొలచుటకు ఒండ్రు కావలెను. ఆంధ్ర విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు తేల్చినదానినిబట్టి, 1970 మొదలు 1979 వఱకు గోదావరి యేటేట తెచ్చిన ఒండ్రు సుమారు 15 కోట్ల టన్నులు. 2000 మొదలు 2006 నాటికి అది 6 కోట్ల టన్నులకు లోపు. ఎగువ జలాశయములందు మన్ను నిలిచిపోవుచున్నది. పూర్వము నది భూమిని ముందునకు త్రోయుచుండెను. ఇప్పుడు పలుచోట్ల సముద్రము వెనుకకు త్రోయుచున్నది. మా తీరపు పల్లెలవారికి ఇది పుస్తకపు మాట కాదు. నిరుటి సరుగుడు తోట యేటికేడు ఎంత కోసుకుపోయినదో వారు అడుగులతో కొలిచి చెప్పగలరు.

గడచిన మాఘమాసమున నేను మరల పఱ్ఱకు పోయితిని. మొక్కలు ఇప్పుడు తలమించి యున్నవి. పాటు తీసిన వేళ. గండికడ పలుచని నీటిలో పలకవన్నె పక్షి యొకటి కాలితో బురద కదలించుచు ఇటునటు పరుగిడుచుండెను. గొంతు తెలుపు స్పష్టముగా కానవచ్చెను. మా మనుమడు తెల్లకొంగ మాసినదా తాతయ్యా యని యడిగెను. వానికి గట్టుమీద కూర్చుండి రాజధర్ముని కథ చెప్పితిని. కొంగ మరల బ్రతికినదా యని రెండుసార్లు అడిగి నిర్ధారణ చేసికొనెను.

ఆ పఱ్ఱను వన్నామి చెఱువునకు ఎకరమునకు ఇంత యని కౌలు చెప్పుచు ఒకరు కాగితము పంపిరి. మా అబ్బాయి అది మంచి బేరమే యనుచున్నాడు. లెక్కప్రకారము వాడన్నదే నిజము. ఆ కాగితము నా పెట్టెలో భారతము సంపుటముల క్రింద నున్నది. ఇంకను సంతకము పెట్టలేదు.